సూదికి బోణీ ఎర్కనా?

పెద్దమ్మ పోయిన పదోనాడు పొద్దున, మట్టెవాడలో వాళ్ల మిద్దె మీద, విస్తరి ముందు కూచుని ఆమె పెద్దకొడుకు నన్ను అడిగాడు.

"అక్కా, అమ్మకేం ఇష్టముండెనే?"

పిట్టకు పెట్టే రోజది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి, పక్కకు జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ఏదీ నోట పెట్టుకోరు. ఆకులో అప్పటికే పూరీలు, మిరపకాయ బజ్జీలు, గారెలు, జిలేబీలు ఉన్నాయి. అన్నీ కొడుకులకు ఇష్టమైనవే. వీటిలో ఆమె నోరారా తిన్నది ఒక్కటైనా ఉందా అని ఎవరికో అనుమానం వచ్చినట్టుంది. కొడుకులు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చివరికి ఎదురింటి కిరాణాదాన్ని, నన్ను అడిగారు.

అడగవలసిన చోటే అడిగారు. ఆమె ఏం కొన్నదో నాకంటే తెలిసినవాళ్లు లేరు. ఏం తిన్నదంటే మాత్రం నేనూ నీళ్లు నమిలాను.

నా సంగతి ముందు చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతది నమ్మరు. మాది దుకాణాల మీద బతికిన వంశం. నన్ను కనేటప్పుడు నొప్పుల మధ్యలోనే మా అమ్మ మంత్రసానితో బేరం తెగ్గొట్టిందని నాయన నవ్వుతూ చెప్పేవాడు. అది అబద్ధమని నాకెన్నడూ అనిపించలేదు. కొడుకులు లేని నాయన ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చాడు. ఆయనకు బేరం చేతకాదని పెళ్లయిన కొన్నాళ్లకే తేలిపోయింది. అందుకని గల్లా దగ్గర నేను కూచున్నాను. నన్ను దూరం నుంచి చూసి కూరగాయలవాళ్లు గంప దించకుండానే సందు మారిపోయేవాళ్లు. అట్లాంటి నేను ఓడిపోయిన గిరాకీ ఒక్కతే. ఈ పెద్దమ్మ.

వరసకు ఏమీ కాదు. వీధిలో అందరికీ పెద్దమ్మే. మా దుకాణానికి ఎదురుగా వాళ్లది ఇనుప సామాను దుకాణం. మేకులు, గొలుసులు, బకెట్లు, తాళ్లు. దాన్ని ఆనుకునే ఇల్లు. ఆమె భర్తను నేను పెద్దబాపు అనేదాన్ని.

ఆమె గింజలు కొనడం చూడాలి. గోనెసంచిలోకి చెయ్యి మోచేతి దాకా దించేది. మంచివి పైన, పుచ్చువి అడుగున పోస్తామని ఆమెకు తెలుసు. పిడికెడు తీసి, అరచేతిలో పరిచి, ఉఫ్ మని ఊది, ఒక గింజ ముందుపళ్ల మధ్య పెట్టి కొరికేది. ఆ చప్పుడును బట్టి ధర చెప్పేది. నేను చెప్పవలసిన ధర!

"తైదలల్ల రాళ్లున్నయే."

"రాళ్లు లేని తైదలు దేవుడు పుట్టియ్యలే పెద్దమ్మా."

"దేవునితోని నేను మాట్లాడుకుంట. నువ్వు రాళ్ల బరువు తీసి తూకమెయ్యి."

డెబ్బైల చివరి మాట ఇది. అప్పట్లో తైదలు, అంటే రాగులు, మా దుకాణంలో అడిగేవాళ్లు ఊళ్ల నుంచి వచ్చిన కూలీలు, లేకపోతే ఆమె. మా ఇళ్లలో పొద్దుటి తిండి అంటే హోటల్ నుంచి పేపర్లో కట్టించుకొచ్చే పూరీలు. పేపరు మీద నూనె మరక ఎంత పెద్దదైతే అంత కలిగిన ఇల్లు. పెద్దమ్మ పుట్టిల్లు ములుగు దిక్కు, అడవి అంచు పల్లె. జొన్నరవ్వ ఉడికించిన గట్క, తైదంబలి తిని పెరిగిన మనిషి. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఒకసారి గట్క వండితే అత్తగారు గిన్నె తీసుకుపోయి వాకిట్లో బర్రె ముందు పెట్టిందట. "నీకు పెట్టాల్సింది దానికి పెట్టిన, కోపం జేసుకోకు" అన్నదట కోడలితో. పెద్దమ్మ ఈ కథ చెప్పేటప్పుడు చివర ఒక ముక్క కలిపేది: "బర్రె మంచిగ తిన్నది. ఆ ఇంట్ల రుచి తెలిసింది దానొక్కదానికే."

తర్వాత పెద్దబాపుకు షుగర్ వచ్చింది. బీపీ కూడా ఉందన్నారు. దవాఖానలో డాక్టరు పూరీలు బందు పెట్టమన్నాడు. తెల్లన్నం తగ్గించి జొన్నలు, తైదలు, పెసళ్లు, ఆకుకూరలు పెట్టమన్నాడు. ఒకటే రోజూ కాకుండా మార్చి మార్చి పెట్టమన్నాడు. ఉప్పు తక్కువ వేయమన్నాడు. మొగుడికి రోగమొచ్చిందని విన్న ఆడమనిషి ముఖం ఎట్లా ఉండాలో ఆమె ముఖం అట్లా లేదు. రిక్షా దిగి ఇంట్లోకి పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఏమాయెనే అనుకుంటానవ్? ఆ డాక్టరు మా అమ్మగారింటి వంటలన్నీ ఒప్పజెప్పిండే! ఒక్కటి మరువలే."

"పెద్దబాపుకెట్లుంది పెద్దమ్మా?"

"ఉంటడు. నేనుంచుకుంట. ముందుగాల సంచి ఇప్పు."

ఆ రోజు నుంచి ఆ ఇంటి పొయ్యి మీద ఏ రెండు రోజులూ ఒకటే వాసన రాలేదు. ఇవాళ జొన్న గట్క, రేపు మొలకెత్తిన పెసళ్లకు ఉల్లిగడ్డ తాలింపు. ఒకనాడు ఉడకబెట్టిన బొబ్బెర గుడాలు. ఒకనాడు సొరకాయ తురిమి కలిపిన సర్వపిండి, నూనె చూపించి వదిలేసినంత. కొర్రలతో ఉప్పుడుపిండి, మునగాకు వేసిన జొన్నరొట్టె. ఉప్పు, నూనె తగ్గిస్తే రుచి ఎక్కడి నుంచి తేవాలన్నది ఆమె రంధి. నువ్వులు వేయించి దంచేది. చింతచిగురు దాచేది. నా దుకాణంలోకి వచ్చి ఏ డబ్బాలో ఏముందో మూత తీసి వాసన చూసి పోయేది. బర్రె ముందు పెట్టిన గిన్నెను ఆమె మళ్లీ మొగుడి ముందు పెట్టగలిగింది. ఇక కావలసిందల్లా అతను తినడం.

అక్కడే వచ్చింది చిక్కు. దుకాణాల ఇళ్లలో ఒక నియమం ఉంది. పొద్దున తలుపు చెక్కలు తీసి, దీపం పెట్టి, మొదటి గిరాకీ ఇచ్చిన పైస కళ్లకద్దుకుని గల్లాలో వేసేదాకా ఏమీ తినకూడదు. బోణీ కాకముందు ఎంగిలిపడితే ఆ రోజంతా గల్లా ఎండిపోతుందంటారు. చాయ లెక్కలోకి రాదు. ఎందుకు రాదో మా పెద్దలెవరూ చెప్పలేదు. చాయ లేకపోతే వాళ్లు మంచం దిగలేరు కాబట్టి రాదని నా అనుమానం.

కిరాణాకు ఈ నియమంతో ఇబ్బంది లేదు. చాయపత్తికో ఉప్పుకో తెల్లారేసరికి ఎవరో ఒకరు తలుపు కొడతారు. ఇనుప దుకాణానికి పొద్దున్నే ఎవరొస్తారు? ఇంట్లో మేకు లేదని ఎవరికీ నిద్ర పట్టకపోవడం ఉండదు. ఎండ చురుక్కుమన్నాక వస్తారు. శనివారమైతే అదీ లేదు, శనివారం ఇనుము ఇంటికి తెస్తే వెనకాలే శని వస్తాడని.

పెద్దబాపుకు రోజూ ఇన్సులిన్ సూది వేసే కాంపౌండర్ ఏడింటికి సైకిల్ మీద వచ్చేవాడు. తర్వాత అతనికి దవాఖానలో డ్యూటీ; ఇంకో వేళకు రాలేడు. సూది పడ్డాక అరగంటలో తినాలి. తినకపోతే ఒంట్లో ఉన్న చక్కెర కూడా కరిగిపోయి మనిషి పడిపోతాడని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. ఇక ఆ ఇంటి గడప దగ్గర రోజూ ఒకటే నాటకం. నేను మా చెక్కలు తీస్తూ వినేదాన్ని.

"తిని పో."

"బోణీ గానియ్యే."

"సూదికి బోణీ ఎర్కనా?"

"నాకెర్క గద."

"సూది పడ్డది నీ నెత్తుర్ల. నీ గల్లల గాదు."

"డబ్బల పెట్టియ్యి. అయినంక తింట."

డబ్బా పట్టుకుని దుకాణంలోకి వెళ్లి, దాన్ని గద్దె కిందికి తోసి, రోడ్డు వైపు చూస్తూ కూచునేవాడు. ఒకరోజు కళ్లు తిరిగి త్రాసు పట్టుకున్నాడు. ఇంకోరోజు చొక్కా మొత్తం చెమటతో తడిసింది. ఎవరో బండి గొలుసు కొనడానికి వచ్చి బతికించారు.

పెద్దమ్మ మొదట చాయ దారి పట్టింది. తైదల జావ పలచగా కాచి, పాలు పోసి, చాయ గ్లాసులో పోసి ఇచ్చింది. రంగు అచ్చం చాయే. పెద్దబాపు ఊదుకుంటూ తాగాడు. మర్నాడు కూడా తాగాడు. ఆ తర్వాతిరోజు గ్లాసు అడుగున ఏదో చిక్కగా మిగిలితే వేలితో తీసి వెలుతురులో చూశాడు.

"చాయల ముద్దుంటదానే?"

"కొత్తరకం చాయ."

"ఏ రకం?"

"బతికే రకం."

అతను గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ ఆమె చేతి చాయ తాగలేదు; మూల హోటల్లో తాగేవాడు. అక్కడ చక్కెర వేస్తారు.

అప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. ఈసారి సంచిలో చెయ్యి పెట్టలేదు.

"పోరీ, రేపటి సంది మా దుకాణంల నువ్వు బోణీ చెయ్యాలె. పైస నేనిస్త."

"నాకు మేకులెందుకు పెద్దమ్మా?"

"కొట్టుకో."

"ఏడ?"

"నా నెత్తికి. జర నా మాటిను బిడ్డా. పొద్దుగాల ఒక్క మేకు కొను. ఆయన తింటడు."

అట్లా మొదలైంది నా మేకుల వ్యాపారం. పైస ఆమెది, సరుకు ఆమె మొగుడిది, నాకు బేరమాడవలసిన పనే లేదు. కానీ నేను బేరమాడకుండా కొంటే మట్టెవాడలో ఎవరైనా నమ్ముతారా? పైగా పుట్టుక బుద్ధి, ఒకరి పైసైనా ఊరికే చెయ్యి జారనిస్తుందా?

"ఒక్క మేకుకు గింత బేరమేందే తల్లీ?"

"బోణీ బేరం పెద్దబాపూ. కాదనద్దు."

"కాదన్ననా? గీ వంకర మేకు గూడ కొసరు తీస్కపో. పొద్దుగాలనే నీతోని నాకు నోరు లేదు."

పైస కళ్లకద్దుకుని గల్లాలో వేసేవాడు. గద్దె కింది నుంచి డబ్బా తీసేవాడు. నేను రోడ్డు దాటి వచ్చేదాన్ని. శనివారాలు మేకుకు బదులు మూరెడు తాడు. కొన్న సరుకంతా వెనక వాకిలి నుంచి పెద్దమ్మకు చేరేది. తిరిగి దుకాణంలో పోస్తే దొరికిపోతామని ఆమె దాన్ని కింద నిలబడే అటక మీది ఖాళీ డాల్డా డబ్బాలోకి విసిరేది. నేను మాత్రం కిరాణా సంచులు తగిలించడానికి మేకులని వీధంతా చెప్పుకున్నాను. మా గోడ నిండా ఎన్ని మేకులుండాలో ఎవరూ వచ్చి చూడలేదు, అదృష్టం.

వాళ్ల దుకాణంలో ఇనుము మోసే హమాలీ ఒకడుండేవాడు. తిన్న డబ్బా అతనే తెచ్చి ఇంట్లో ఇచ్చేవాడు. ఆమె దాన్ని గడప దగ్గరికి తెచ్చి, మూత తీసి, ఎండకు వంచి, ఒక కన్ను మూసి లోపలికి చూసేది, బంగారం మచ్చ చూసే కంసాలిలాగా. అడుగున ఏమైనా మిగిలితే నిలబడే వేలితో తీసుకుని తినేది. ఏమీ మిగలకపోతే గిన్నె మాడు గోక్కునేది. పొద్దున పూట ఆమె తిండి నేను చూసినంత వరకు అదే.

"నువ్వు గూడ ఇంత గిన్నెల పెట్టుకోరాదు పెద్దమ్మా?"

"నాకేం షుగరున్నదా, తీరు తీర్ల వంటలు తినడానికి?"

ఆ దసరా దాటాక డబ్బా బొత్తిగా ఏమీ మిగలకుండా, తుడిచినట్టు రావడం మొదలైంది. ఆమె సంబరం చెప్పలేను. డబ్బా పట్టుకుని రోడ్డు దాటి వచ్చి నాకు చూపించింది.

"సూడు! నాకినట్టు తిన్నడు. రుచి పట్టిందే మనిషికి!"

ఇక ఆమెకు అడ్డు లేదు. సజ్జలు తెప్పించమంది. అవిసె గింజలు అడిగింది. రోజూ తెల్లారేసరికి కొత్త వాసన. నేను రోడ్డు దాటి మేకు కొనడం, పెద్దబాపు నవ్వుతూ పైస కళ్లకద్దుకోవడం, డబ్బా మెరుస్తూ ఇంటికి రావడం. లోకంలో ఇంతకంటే సాఫీగా నడిచే వ్యాపారం లేదనుకున్నాను.

ఒక శనివారం నేను మూరెడు తాడు కొని వచ్చాను. ఎప్పటిలాగే పైస కళ్లకద్దుకున్నాడు. పొద్దెక్కాక ఎదుటి దుకాణంలో ఏదో పళ్లెం పడ్డ చప్పుడైంది. చూస్తే పెద్దబాపు త్రాసు మీదికి వాలి ఉన్నాడు. పెద్దమ్మ, నేను, హమాలీ రిక్షాలో వేసుకుని దవాఖానకు పోయాం. అక్కడికి చేరేసరికి లేడు.

డాక్టరు అడిగాడు. "పొద్దున సూదిచ్చాక ఏమీ తినలేదా?"

"తిన్నడు సార్."

"తినలేదమ్మా. చక్కెర పడిపోయింది."

"తిన్నడు. డబ్బ ఖాళీగ వచ్చింది. నేనే కడిగిన. గీ చేతుల్తోనే కడిగిన," అంటూ ఆమె చేతులు చాచింది. నా జన్మలో చాలా బేరాలు చూశాను. చచ్చిపోయిన మనిషి తిన్నాడని ఒప్పుకొమ్మని డాక్టరుతో ఆమె ఆడిన బేరం లాంటిది మళ్లీ చూడలేదు.

ఇంట్లో పీనుగుండగానే చుట్టాలు మొదలుపెట్టారు. "పూరీలు తిన్నన్ని రోజులు మంచిగనే ఉండె. గట్కలు, అంబళ్లు పెట్టి పెట్టి మనిషిని చంపుకున్నది." ఆమెకు వినపడేటట్టే అన్నారు. డబ్బా ఎట్లా ఖాళీ అయిందో ఆమెకే తెలియదు.

దినాలు గడిచాక హమాలీ వచ్చాడు. నేను అప్పుడు ఆమె పక్కనే అరుగు మీద ఉన్నాను. అతను మెట్టు కింద నిలబడి తలగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"అమ్మా, ఒక్క మాట చెప్పకుంటె నాకు ముద్ద దిగుతలేదు. డబ్బల తిండి షావుకారి తినకపోయేది. నాకే ఇచ్చేది."

పెద్దమ్మ అతని వైపు చూసింది.

"'ఇంటి పైస ఇంటికే వత్తె బోణీ ఎట్లయితదిరా' అనేటోడు. నాకు సమజ్ గాలె. షావుకార్లు గట్క తింటరా, సిగ్గయితాంది గావచ్చు, అందుకే నాకిత్తాండనుకున్న. ఆ సూది సంగతి నాకెర్కలేదమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

"ఎన్నడి సంది?"

"దసరాకు ఇల్లు, దుకాణం కడిగిన కాన్నుంచి."

పెద్దమ్మ అడిగింది.

"ఉప్పు సరిపొయ్యేదా?"

"ఆఁ?"

"ఉప్పు. డబ్బల ఉప్పు సరిపొయ్యేదా అంటాన."

హమాలీ నా వైపు చూశాడు.

"జర తక్కువుండేదమ్మా."

"తక్కువనే వెయ్యాలె," అంది ఆమె. "బీపీ మనిషికి తక్కువనే వెయ్యాలె."

"నాకు బీపీ లేదమ్మా."

"నీకోసం వండలేదు గదరా," అని లేచి లోపలికి పోయింది.

వెనకే వెళ్లాను. ఆమె నిచ్చెన వేసుకుని అటకెక్కింది. డాల్డా డబ్బా దించి వంచింది. ఒక్క మేకు లేదు, ఒక్క తాడుముక్క లేదు. దసరాకు అటక దులిపినప్పుడు అతనికి కనపడి ఉంటాయి. తన దుకాణం మేకులు, తన చేత్తో చుట్టిన పొట్లాలు. ఎవరి పైసతో ఎవరు కొన్నారో దుకాణదారుడికి ఒకరు చెప్పాలా? మూటగట్టి తీసుకుపోయి మళ్లీ పెట్టెల్లో పోసుకున్నాడు, ఆ తర్వాత పడ్డవి కూడా.

ఆమె ఖాళీ డబ్బాలోకి చూసి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు చెవుల్లో ఉంది.

"మల్ల అమ్ముకున్నడే! నా మొగుడు! అస్సలు షావుకారి!"

ఆ మేకులు ఎవరికి అమ్మాడో నాకు అప్పుడు తట్టింది. దసరా తర్వాత కూడా రోజూ కొన్నది నేనే కదా. కొన్న మేకునే మళ్లీ కొని, దాని మీద మళ్లీ బేరమాడి, మళ్లీ కొసరు తెచ్చుకున్నాను. వీధిలో నన్ను మించిన బేరగత్తె లేదని పేరు!

ఇన్నాళ్లూ ఆలోచించాను, తెలిసీ అతనెందుకు చెప్పలేదా అని. చెబితే ఆమె ఇంకో మనిషిని పంపేది. చెప్పకపోతే నిమ్మళంగా ఉండేది. నా పైస కళ్లకద్దుకుని నవ్వేవాడే, ఆ నవ్వులో ఎక్కడా తేడా లేదు. నకిలీదని తెలిసీ ముఖం చెదరకుండా తీసుకోవడం మా కులవిద్య. దాంతోనే పోయాడు. సూదికి బోణీ తెలియదు. అతనికి బోణీ తప్ప ఇంకేమీ తెలియదు.

ఆ ఇంటికి పూరీలు మళ్లీ వచ్చాయి. పెద్దమ్మ తైదలు అడగడం మానేసింది. మిగిలిన సంచి పురుగు పడితే నేనే పారబోశాను.

ఎనభైలు సగం దాటాక పెద్దకొడుక్కి షుగర్ బయటపడింది. దుకాణం అప్పటికి అతనిదే. కొన్నాళ్లకు అతనికీ సూది రాశారు. ఇంట్లో కోడలే వేయడం నేర్చుకుంది. ఆ వార్త తెలిసిన రోజు పెద్దమ్మ నా దుకాణానికి వచ్చి గోనెసంచిలో చెయ్యి దించింది. చెయ్యి సన్నబడింది. గింజ కొరకడానికి ముందుపళ్లు లేవు. నాకిచ్చి కొరకమంది.

ఈసారి ఆమె డబ్బాను నమ్మలేదు. సూది వేయగానే గిన్నె పట్టుకుని గడపకు అడ్డంగా కూచునేది.

"నా కండ్ల ముంగట తిను."

"అమ్మా, దుకాణం తెరిచినంక తింటనే. బాపు గట్లనే జేసేటోడు గద."

"ఏం జేసిండో నాకెర్క. బాపు లెక్కనే పోతవా?"

"పొద్దుగాల పొద్దుగాల ఆ మాటలేందే! ఊకో."

అతను వెనక వాకిలి నుంచి పోవడం మొదలుపెట్టాడు. సూది వేళ జరుపుదామంటే పొద్దున చేసే పని పొద్దున్నే అయిపోవాలనేవాడు. ముసలామె గిన్నె పట్టుకుని వెళ్లి దుకాణం ముందు రోడ్డు మీద నిలబడేది. గిరాకీలు నవ్వేవాళ్లు. కొడుకు సిగ్గుతో కసిరేవాడు. ఆమె కదిలేది కాదు. ఎవరో వచ్చి ఏదో కొనేదాకా ఎండలో నిలబడి, అతను తిన్నాక, గిన్నె ఎండకు వంచి చూసుకుని ఇంటికి వచ్చేది. ఆ నిలబడ్డం వల్లే ఆమె కాలికి దెబ్బ తగిలింది. సైకిల్ పెడల్ గీరుకుపోయింది. ఆ పుండు మానలేదు.

దవాఖానలో చేర్పించాక డాక్టరు కొడుకులను పిలిచి అడిగాడట, ఈమెకు షుగర్ చాలా ఏళ్ల నుంచి ఉన్నట్టుంది, మీకెవరికీ తెలియదా, పొద్దున ఏం తింటుంది అని. ముగ్గురికీ తెలియదు. నేను చూడబోయినప్పుడు మంచం మీద నుంచి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"పోరీ, విన్నవా? ఇగ నేను గూడ తీరు తీర్ల వంటలు తినొచ్చునంట."

తినలేదు. ఆ వారంలోనే పోయింది.

అదీ సంగతి. అమ్మకేం ఇష్టమని కొడుకు అడిగినప్పుడు నా నోటికి వచ్చిన జవాబు, డబ్బా ఖాళీగా రావడం అని. కానీ ఖాళీ డబ్బా ఆమెను ఎంత మోసం చేసిందో నాకు తెలుసు. మింగేశాను. "అన్నీ ఇష్టమే" అన్నాను. ఓడిపోయే బేరంలో అందరూ చెప్పే మాట.

కాకి ముట్టలేదు. వచ్చిన ఒక్కటీ పిట్టగోడ మీద వాలి, పూరీల వైపు చూసి, ఎగిరిపోయింది. చుట్టాలు కడుపులు పట్టుకుని నీడకు జరిగారు. కొడుకు ఆకు ముందు నుంచి లేవలేదు. అతని నుదుటి మీద చెమట నాకు దూరం నుంచి కనపడింది. ఎండ చెమట కాదది. ఆ చెమట నాకు తెలుసు. తిరిగి చూస్తే మెట్ల దగ్గర కోడలు నిలబడి ఉంది, చేతిలో స్టీలు డబ్బా.

"ఏడింటికే సూదేసిన అక్కా," అంది గుసగుసగా. "వద్దంటె వినలే. గట్క తెచ్చిన. నువ్వు చెప్తె తింటడేమో."

డబ్బా తీసుకెళ్లి అతని ముందు పెట్టాను.

"ఒక్క బుక్క తిను తమ్మీ."

"పిట్ట ముట్టంది ఎట్ల తింటనే?"

"నాలుగు మెతుకులు."

"అందరు చూత్తాన్రు అక్కా."

"చూడనియ్యి. ఒక్క మెతుకు. నాలుక మీదేసుకో, సాలు."

"బేరమాడకే," అన్నాడు, నవ్వడానికి చూస్తూ. పెదవి వణికింది.

"సూదికి పిట్ట ఎర్కనారా?"

ఆ మాట విని అతను తలెత్తాడు. ఎవరి మాటో అతనికి తెలుసు. వాళ్ల మేనమామ వైపు చూశాడు. పెద్దమనుషుల వైపు చూశాడు. డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, నెమ్మదిగా, వాళ్ల నాయన గద్దె కిందికి తోసినట్టే, కూచున్న చాప కిందికి తోశాడు.

ఇంకాసేపటికి కాకి వచ్చింది. పూరీ ముక్క ఒకటి పీక్కుని పోయింది. అందరూ అమ్మయ్య అన్నారు. కొడుకును ఇద్దరు జబ్బలు పట్టి లేపి, జిలేబీ నోట్లో పెట్టి, కిందికి నడిపించారు. ఆ పూటకు బతికాడు. కిందికి పోయి పూరీలు తిన్నాడు. నేనూ తిన్నాను, అబద్ధమెందుకు, వేడిగా ఉన్నాయి.

తిని చెయ్యి కడుక్కుని మళ్లీ మిద్దె ఎక్కాను. కోడలు చాప తీసి డబ్బా బయటికి లాగింది. మూత తీసి, ఎండకు వంచి, ఒక కన్ను మూసి లోపలికి చూసింది. నిండుగా ఉంది. చూపుడువేలుకి ఇంత అంటించుకుని నాలుక మీద పెట్టుకుంది. అప్పటిదాకా ఆమె ఏమీ తినలేదని నాకు అప్పుడు తెలిసింది.

"అక్కా, ఉప్పు సూడు జర," అని డబ్బా నా వైపు చాచింది.

తీసుకున్నాను.

"తక్కువుంది," అన్నాను.

"తక్కువనే వెయ్యాలె," అంది కోడలు.